పొగ బీరు ఊళ్లో రెండు రోజులు: బాంబెర్గ్‌ను తిని, తాగి తెలుసుకోవడం ఎలా

బాంబెర్గ్ స్టేషన్‌లో దిగగానే ఫోను తీసి చూడదగ్గ ప్రదేశాలు వెతకకండి. ముందు ఆ రోజు ఏ వారమో చూసుకోండి. జర్మనీలో పాతకాలపు బీరుశాలలకు వారానికి ఒకటో రెండో సెలవు రోజులుంటాయి. తలుపు మీద "రూహెటాగ్" అన్న పలక వేలాడుతుంటే మీరు హైదరాబాద్ నుంచి వచ్చారా, పక్క వీధి నుంచి వచ్చారా అన్నది వాళ్లకు అనవసరం. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఒక్క మధ్యాహ్నంలో మూడు మూసిన తలుపులు చూసి, చివరికి చల్లారిన శాండ్‌విచ్ ఒకటి కొనుక్కుని తిరుగు రైలెక్కాను. కెథీడ్రల్ చూశాను, కోట చూశాను, నది నడిమధ్య కట్టిన పాత టౌన్‌హాల్ ముందు ఫొటో దిగాను. ఊరు మాత్రం చూడలేదు.

రెండోసారి ఆ జాబితాలన్నీ పక్కన పెట్టి తిండినీ బీరునూ పట్టుకుని తిరిగాను. తిరిగాను అనడం కన్నా కూర్చున్నాను అనడమే సబబు. ఈ పద్ధతి ఏ ఊరికైనా పనికొస్తుంది గాని, నేర్చుకోవడానికి బాంబెర్గ్ అంత అనువైన ఊరు నాకు ఇంకొకటి తగల్లేదు. జనాభా లక్షకు లోపు. బ్రూవరీలు ఇంచుమించు పది. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వెళ్లిపోవచ్చు. పాత పట్టణమంతా 1993లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కింది. బయట ఎక్కడా సులువుగా దొరకని బీరు ఇక్కడ రోజువారీ పానీయం.

1. రెండు రోజులు కేటాయించండి, వారం చూసుకుని వెళ్లండి

న్యూరెంబెర్గ్ నుంచి రైలులో ముప్పావు గంట. ఎర్లాంగెన్‌లో చదువుకుంటున్న మన పిల్లలకైతే ఇంకా దగ్గర. ప్రాంతీయ రైళ్లలో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ మీ దగ్గర ఉంటే విడిగా టికెట్ అక్కర్లేదు. ఐసీఈ అనే వేగపు రైలు మాత్రం ఎక్కకండి, జరిమానా పడుతుంది. దగ్గరే కదా అని పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావాలనుకుంటారు. అక్కడే చాలామంది పొరపడతారు. ఒక్క రోజులో అన్ని బ్రూవరీలూ చుట్టేయాలన్న ఆత్రం పుడుతుంది, మూడో చోటికి వెళ్లేసరికి నాలుకకు ఏమీ తెలియదు, కాళ్లకు అంతకన్నా తెలియదు. రెండు రాత్రులు అక్కడే ఉండండి.

శుక్రవారం మధ్యాహ్నం చేరి, ఆదివారం మధ్యాహ్న భోజనం చేసి బయల్దేరడం మంచి లెక్క. ఆదివారం దుకాణాలన్నీ మూసి ఉంటాయి గాని, బీరుశాలల్లో ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసేది ఆ పూటే. మీరు వెళ్లాలనుకున్న ప్రతి చోటికీ సెలవు రోజు ఏదో, వంటగది ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ముందే రాసి పెట్టుకోండి. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా చాలా చోట్ల బీరు దొరుకుతుంది, వేడి భోజనం దొరకదు. జేబులో నగదు ఉంచుకోండి. జర్మనీలో కార్డు చెల్లని చోటు ఇప్పటికీ ఎదురవుతుంది, అది కూడా సరిగ్గా మీకు బాగా నచ్చిన చోటే అయి ఉంటుంది.

కారులో వెళ్లేవారికి ఒక మాట. జర్మనీలో లైసెన్సు వచ్చి రెండేళ్లు నిండని వాళ్లు, 21 ఏళ్లలోపు వాళ్లు ఒక్క చుక్క తాగి కూడా బండి నడపకూడదు. మిగతావారికి రక్తంలో మద్యం పరిమితి 0.5 ప్రొమిల్, అంటే వెయ్యికి అర వంతు. సైకిలే కదా అనుకోవద్దు, మితిమీరి తాగి సైకిల్ తొక్కినా లైసెన్సుకే ఎసరు. రైలే మేలు.

2. మొదటి పూట బీరు ముట్టకండి, ఉల్లిపాయతో మొదలుపెట్టండి

బాంబెర్గ్ మూడు ముక్కల ఊరు. కొండల మీద బిషప్పులు, నది పాయల మధ్య వర్తకులు, స్టేషన్ వైపు తోటమాలులు. ఆ తోటల పేటలోకి ముందు వెళ్లండి. బయటి నుంచి చూస్తే ఒకదానికొకటి ఆనుకున్న మామూలు ఇళ్లు, పెద్ద పెద్ద చెక్క గేట్లు. ఏదైనా గేటు తెరిచి ఉన్నప్పుడు లోపలికి తొంగి చూస్తే ఇంటి వెనక ఏకంగా పొలమే కనిపిస్తుంది. ఊరి మధ్యలో, వందల ఏళ్లుగా కూరగాయలు పండుతున్న పొలాలు. మిట్టెల్‌ష్ట్రాసె వీధిలో ఈ తోటమాలుల మ్యూజియం ఉంది. ఏడాది పొడవునా తెరిచి ఉండదు కాబట్టి వేళలు చూసుకుని వెళ్లండి.

బాంబెర్గ్ వాళ్లను చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు "త్స్వీబెల్‌ట్రేటర్" అంటారు, ఉల్లి తొక్కేవాళ్లు అని. తోటమాలులు కాళ్లకు చెక్క పలకలు కట్టుకుని పచ్చని ఉల్లికాడలను తొక్కి పడుకోబెట్టేవారట. కాడకు పోయే బలం గడ్డకు చేరుతుందని లెక్క. వెక్కిరింతగా మొదలైన ఆ పేరును ఊరివాళ్లే ఇప్పుడు గర్వంగా చెప్పుకుంటారు. ఒకప్పుడు ఇక్కడ అతిమధురం కూడా పండించి దూరదేశాలకు పంపేవారు.

అక్కడి నుంచి కాలువ దాటి గ్రూనర్ మార్క్ట్‌కు రండి. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో కూరగాయల అంగళ్లుంటాయి. పక్కనే త్రిశూలం పట్టుకున్న నెప్ట్యూన్ విగ్రహం ఉన్న ఫౌంటెన్. ఊరివాళ్లకు అది త్రిశూలంలా కనిపించలేదు, గడ్డి ఎత్తే పంగలకర్రలా కనిపించింది. అందుకే ఆ దేవుడికి "గాబెల్‌మాన్" అని, అంటే పంగలకర్ర మనిషి అని పేరు పెట్టారు. ఈ ఊరి హాస్యం ఏ పాటిదో దీన్ని బట్టే తెలుస్తుంది.

అంగట్లో రెండు అడగండి. ఒకటి "బాంబెర్గర్ హోర్న్‌లా" అనే బంగాళాదుంప: వేలెడంత పొడవు, కాస్త వంకర, ఉడికించినా చితకని గట్టి గుజ్జు. ఇంకొకటి అదే పేరుతో బేకరీలో దొరికేది, వెన్న దట్టించిన నెలవంక రొట్టె. ఫ్రెంచి క్రోసాన్‌లా పొరలు పొరలుగా రాలదు, కొరికితే మెత్తగా సాగుతుంది. ఒకే పేరుతో రెండు తిండ్లు ఎందుకని అంగడిలో ఉన్నవాళ్లను అడగండి. వంకరగా ఉన్నవన్నీ మాకు కొమ్ములేనని నవ్వుతారు. ఊరితో మీ మొదటి సంభాషణ అలా అయిపోతుంది.

3. బల్ల దగ్గర ఎలా కూర్చోవాలో నేర్చుకోండి

బీరు పేర్లు కంఠస్థం చేయనక్కర్లేదు. ఈ నాలుగు మర్యాదలు తెలిస్తే చాలు, మిగతాదంతా బల్లే నేర్పుతుంది.

లోపలికి అడుగు పెడుతూ "గ్రూస్ గాట్" అనండి. ఎవరో వచ్చి కుర్చీ చూపిస్తారని గుమ్మంలో నిలబడితే చీకటి పడేదాకా నిలబడాల్సిందే. పొడవాటి బల్లకు ఒక చివర ఇద్దరు కూర్చుని ఉన్నారనుకోండి, దగ్గరికెళ్లి "ఇస్ట్ హియర్ నోఖ్ ఫ్రై?" అని అడగండి, ఇక్కడ ఖాళీయేనా అని. తల ఊపుతారు. కూర్చోండి. పక్కన వేరేవాళ్లున్న బల్ల దగ్గర కూర్చోవడం మనకు ఇరుకుగా తోస్తుంది గాని, అక్కడ ఖాళీ చోటు వదిలేసి నిలబడటమే వింత.

ఒక్క బల్ల మాత్రం వదిలేయండి. దాని మీద "ష్టమ్‌టిష్" అని ఇత్తడి పలకో, ఇనుప గుర్తో ఉంటుంది. అది ముప్పై ఏళ్లుగా అదే వేళకు అదే కుర్చీలో కూర్చునే పెద్దల స్థానం. తెలియక నేను ఒకసారి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒక పెద్దాయన వచ్చి, కోటు విప్పి నా వెనక ఉన్న కొక్కేనికి తగిలించి, కుర్చీ పక్కన నిలబడి నా వైపే చూస్తూ ఉండిపోయాడు. అరనిమిషం పట్టింది నాకు అర్థం కావడానికి. లేచి క్షమాపణ చెప్పుకుంటే, పక్క బల్ల చూపించి, కాసేపటికి తనే వచ్చి నా గ్లాసుకు గ్లాసు తాకించాడు. తాకించేటప్పుడు కళ్లలోకి చూడాలి, గ్లాసులోకి కాదు. ఇది కూడా ఆయన నేర్పిందే.

కొలత పేరు "సైడ్లా". అర లీటరు. "ఒక బీరు" అనకుండా "ఆ సైడ్లా, బిట్టె" (ఒక సైడ్లా, దయచేసి) అంటే వడ్డించే ఆమె ముఖంలో చిన్న మార్పు కనిపిస్తుంది. మీరు తాగిన ప్రతి గ్లాసుకూ గ్లాసు కింది అట్టబిళ్ల మీద పెన్సిల్‌తో ఒక గీత పడుతుంది. అదే మీ ఖాతా. దాని మీద బొమ్మలు గీయకండి, జేబులో వేసుకోకండి. లేచేటప్పుడు "త్సాలెన్, బిట్టె" అనండి. లెక్క 18 యూరోల 60 సెంట్లయితే "ట్స్వాంట్సిగ్" అంటూ ఇరవై ఇవ్వండి, చిల్లర వాళ్లు ఉంచుకుంటారు. డబ్బు బల్ల మీద వదిలేసి వెళ్లే పద్ధతి ఇక్కడ లేదు.

ఆ గీతను తేలిగ్గా తీసుకోకండి. 1907 అక్టోబరులో ఈ ఊరి బ్రూవరీలన్నీ కూడబలుక్కుని సైడ్లా ధరను 11 ఫెన్నిగ్‌ల (అప్పటి చిల్లర నాణెం) నుంచి 12కు పెంచాయి. ఒక్క ఫెన్నిగ్. ఊరంతా తాగడం మానేసింది. పక్కనున్న ఫోర్ఖ్‌హైమ్ నుంచి పాత ధరకే బీరు తెప్పించుకున్నారు. వారం తిరిగేసరికి బ్రూవరీలు దిగివచ్చి మళ్లీ 11కే పోశాయి. చరిత్రలో దీనికి "బాంబెర్గ్ బీరు యుద్ధం" అని పేరు.

ఇంకొక సంగతి. ఈ ప్రాంతం పటం మీద బవేరియాలోనే ఉంది గాని, బల్ల దగ్గర మాత్రం "బవేరియా బాగుంది" అనకండి. ఇది ఫ్రాంకెన్. నెపోలియన్ కాలంలో బవేరియాలో కలిసే దాకా బాంబెర్గ్ బిషప్పుల సొంత రాజ్యం. బవేరియా వాళ్లు తమ 1516 నాటి బీరు చట్టం గురించి గొప్పలు చెబుతారు. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం), హాప్స్ (చేదునిచ్చే పూలు), నీళ్లు తప్ప ఇంకేమీ కలపకూడదని బాంబెర్గ్ బిషప్పు 1489లోనే ఆజ్ఞ వేశాడు. ఎదుటివాడు ముభావంగా ఉంటే ఈ సంవత్సరం ఒక్కటి చెప్పి చూడండి.

4. పొగ బీరును రెండు మెట్లలో ఎక్కండి

ఇప్పుడు అసలు సంగతికి. ఈ ఊరి ప్రత్యేకత "రౌఖ్‌బీర్", పొగ బీరు. చాలామంది రైలు దిగి నేరుగా ష్లెంకెర్లా అనే పేరున్న బీరుశాలకు వెళ్లి, ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, గ్లాసు సగంలో వదిలేసి, "మాకు నచ్చలేదు" అని తీర్పు చెప్పి వచ్చేస్తారు. తప్పు బీరుది కాదు, వరసది.

ముందు ష్పెట్సియాల్‌కు వెళ్లండి. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక, ఓబెరె కోనిగ్‌ష్ట్రాసెలో. 1536 నుంచి ఉన్న బ్రూవరీ. ఇక్కడి పొగ సన్నగా ఉంటుంది. తేనె రంగు బీరు, మొదటి గుక్కలో మామూలు లాగర్‌లాగే ఉంటుంది, మింగాక గొంతు వెనక నుంచి కట్టెల వాసన నెమ్మదిగా పైకి వస్తుంది. కట్టెల పొయ్యి మీద కాచిన పాలు తాగినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఆ మర్నాడు ష్లెంకెర్లాకు వెళ్లండి. కెథీడ్రల్ కొండ కింద, డోమినికానర్‌ష్ట్రాసెలో, నల్లని దూలాలున్న ఇల్లు. ఆ ఇంటి ప్రస్తావన 1405 నాటికే పత్రాల్లో ఉంది. చేతులు ఊపుకుంటూ వింతగా నడిచే ఒక పాత యజమానిని బట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. లోపల చెక్క పీపా నుంచే గ్లాసులోకి పోస్తారు. ముదురు గోధుమ రంగు బీరు, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అంచున ఎరుపు. మద్యం 5.1 శాతం. ముక్కు దగ్గర పెట్టుకోగానే యూరప్ వాళ్లకు పొగబెట్టిన పంది మాంసం గుర్తొస్తుంది. నాకు గుర్తొచ్చింది వంకాయ. నిప్పుల మీద కాల్చిన గుత్తి వంకాయను పచ్చడికి ఒలుస్తుంటే వేళ్లకు అంటుకునే వాసన, కడిగినా పోని వాసన, సరిగ్గా అదే. ఆ పోలిక దొరికాక రెండో గుక్క సులువైంది.

తొందరపడి తీర్పు చెప్పకండి. ఈ బీరు మూడో సైడ్లాకు గాని నోటికి పట్టదని ఊళ్లో అందరూ చెబుతారు. మూడూ ఒకే పూట తాగమని నేను చెప్పను, కాని మొదటి గ్లాసు మొత్తం ముగించండి. సగం దాటేసరికి ముక్కు పొగకు అలవాటు పడి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అప్పుడు అడుగున ఉన్న మాల్ట్ తీపి, కొసన హాప్స్ చేదు బయటపడతాయి.

పొగ ఎందుకని అడుగుతారేమో. బార్లీని నానబెట్టి మొలకెత్తించాక, ఆ మొలకలు ఇంకా పెరగకుండా ఆరబెట్టాలి. ఎండ నమ్ముకోలేని దేశాల్లో దానికి కట్టెల మంటే దిక్కు. మంటతో పాటు పొగా గింజకు పట్టేది. అంటే ఒకప్పుడు ఈ ప్రాంతాల్లో పొగ బీరు ప్రత్యేకత కాదు, మామూలు బీరే. తర్వాత బొగ్గు వచ్చింది, పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే బట్టీలు వచ్చాయి, ఊరూరా పొగ మాయమైంది. ఈ రెండు బ్రూవరీలు మాత్రం బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద తమ మాల్ట్ తామే ఆరబెట్టుకోవడం మానలేదు. కొత్తగా ఏమీ కనిపెట్టలేదు, ఉన్నదాన్ని వదల్లేదు, అంతే.

లోపల చోటు దొరక్కపోతే విచారించకండి. నడవలోని కిటికీ దగ్గర గ్లాసుకు అదనంగా కొంత డిపాజిట్ కట్టి బీరు తీసుకుని, వీధిలో నిలబడి తాగవచ్చు. సాయంత్రం వేళ ఆ వీధి జనంతో నిండి ఉంటుంది. గ్లాసు తిరిగిస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది.

5. పళ్లెంలో ఏముందో అడిగి తినండి

ష్లెంకెర్లాలో పొగ బీరుతో పాటు "బాంబెర్గర్ త్స్వీబెల్" అడగండి. పిడికిలి కన్నా పెద్ద ఉల్లిపాయ, లోపల తొలిచి, పంది మాంసం ఖీమా కూరి, ఓవెన్‌లో మగ్గబెట్టి, పొగ బీరుతోనే చేసిన గ్రేవీ పోసి, పక్కన మెత్తని బంగాళాదుంప ముద్ద పెడతారు. ముందు రోజు తోటల పేటలో చూసిన ఉల్లి, ఇప్పుడు తాగుతున్న బీరు ఒకే పళ్లెంలో కలుస్తాయి. నూనెలో వేయించి మసాలా కూరిన మన గుత్తి కూరలు తిన్న నాలుకకు చప్పగా అనిపిస్తుందేమో, కాని ఆ ఉల్లి పొరలు వేడికి చక్కెరలా మారి కరిగిపోవడం చూడాలి.

ఆదివారం మధ్యాహ్నానికి "షోయ్‌ఫెర్లా". పంది భుజం ముక్క, ఎముకతో సహా గంటల తరబడి వేయించింది. పైన చర్మం అప్పడంలా పెళపెళలాడుతుంది. దానితో "క్లోస్", టెన్నిస్ బంతి పరిమాణంలో బంగాళాదుంప ఉండ. రాయలసీమ వాళ్లు దీన్ని చూడగానే సంగటి ముద్ద అంటారు, తినే తీరూ దాదాపు అదే: తుంచడం, గ్రేవీలో ముంచడం. కత్తితో కోయకండి, ఫోర్కుతో చీల్చండి. కోసిన ముక్క గ్రేవీ పీల్చదు.

"బ్లావె త్సిప్ఫెల్" అంటే సాసేజ్‌లను నిప్పుల మీద కాల్చకుండా ఉల్లి, వెనిగర్, మసాలా దినుసులు వేసిన పులుసు నీళ్లలో ఉడికించినవి. పులుపు మరిగిన నోళ్లకు నేను మొదట సిఫారసు చేసేది ఇదే. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా వెళితే కార్ప్ చేప దొరుకుతుంది. నెల పేరులో "ర్" అక్షరం ఉన్నప్పుడే తినాలని ఇక్కడి లెక్క. సగానికి చీల్చి పిండిలో పొర్లించి వేయిస్తారు. ముళ్లు ఎక్కువే, పులస తినడం నేర్చినవాళ్లకు లెక్కలోది కాదు. ఉడికించిన మాంసంతో "క్రేన్" అనే తెల్లని తురుము పెడతారు. ముల్లంగి జాతి వేరు అది. చిటికెడుతో మొదలుపెట్టండి, కొత్త ఆవకాయలో ఆవపిండి ఘాటు ముక్కుకెక్కినట్టే ఎక్కుతుంది.

శాకాహారులకు మాత్రం గట్టిగా ఒక హెచ్చరిక. "క్లోస్ మిట్ సోస్" అని తక్కువ ధరలో ఒక వంటకం ఉంటుంది, ఉండ, గ్రేవీ. మాంసం ముక్క కనిపించదు. నాతో వచ్చిన శాకాహారి మిత్రుడికి అది చెప్పింది నేనే. సగం తిన్నాక ఆ గ్రేవీ పంది మాంసం వేయించిన రసమని తెలిసింది. అతను ఏమీ అనలేదు, ఆ పూట ఇంకేమీ తినలేదు కూడా. అప్పటి నుంచి ప్రతి పళ్లానికీ "ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్?" అని అడుగుతున్నాను, మాంసం గాని పంది కొవ్వు గాని లేకుండానేనా అని. వేయించిన దుంపల్లో, బీన్స్‌లో, ఒక్కోసారి సలాడ్‌లో కూడా ష్పెక్ ముక్కలు దాక్కుని ఉంటాయి. గొడ్డు మాంసం తినని వాళ్లు "రిండ్" అన్న మాట గుర్తుపెట్టుకుంటే చాలు. నిశ్చింతగా తినదగ్గవి చీజ్‌తో చేసే "కేజెష్పెట్స్‌లె", వెన్న, మెత్తని చీజ్, ఉల్లి, పాప్రికా మిరప పొడి కలిపి మెదిపిన "గెరుప్ఫ్టర్", ఏప్రిల్ నుంచి జూన్ 24 దాకా దొరికే తెల్ల ఆస్పరాగస్.

తిన్నాక బాగుందా అని అడుగుతారు. "పాస్ట్ షో" అనండి. పర్వాలేదు అని అర్థం, మెప్పు మాత్రం అత్యున్నతం. తిట్టకపోతే పొగిడినట్టే అని ఫ్రాంకెన్ వాళ్ల సామెత.

6. సాయంత్రం కొండెక్కి "కెల్లర్" మీద కూర్చోండి

కెల్లర్ అంటే నేలమాళిగ. కాని ఇక్కడి వాళ్లు కెల్లర్‌లోకి దిగరు, కెల్లర్ మీదికి ఎక్కుతారు. శీతల యంత్రాలు లేని కాలంలో బీరు పులిసి పరువానికి రావడానికి చల్లని చోటు కావాలి. అందుకని కొండల ఇసుకరాయిని తొలిచి సొరంగాలు చేశారు. పైన ఎండ తగలకుండా చెస్ట్‌నట్ చెట్లు నాటారు. పీపాలు కింద, నీడ పైన. ఇంకేం, పైన బల్లలు వేసి అక్కడే తాగడం మొదలుపెట్టారు.

ష్టెఫాన్స్‌బెర్గ్ కొండ మీద ష్పెట్సియాల్ వాళ్ల కెల్లర్ ఉంది. వాన లేని సాయంత్రం, అయిదింటికల్లా చేరుకోండి. ఎదురుగా కెథీడ్రల్ నాలుగు గోపురాలూ, మిఖాయెల్స్‌బెర్గ్ మఠమూ ఒకే చూపులో పడతాయి. మొదటిసారి గంటన్నర క్యూలో తిరిగి చూసిన ఊరంతా ఇక్కడ కుర్చీలో కూర్చుంటే కళ్ల ముందుకొచ్చింది. బెల్లు కొట్టేటప్పుడు ఒక చర్చి తర్వాత ఒకటి, ఒక్క నిమిషం తేడాతో మోగుతాయి. బల్ల మీద చెస్ట్‌నట్ ఆకు ఒకటి గ్లాసు తడికి అతుక్కుని ఉంటుంది. ఈ ప్రాంతపు కెల్లర్‌లలో చాలా చోట్ల బీరు వాళ్ల దగ్గర కొనుక్కుని, తిండి ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. గళ్ల గుడ్డ పరిచి, కత్తి, ముల్లంగి, రొట్టె, సాసేజ్ బయటికి తీసే కుటుంబాలు కనిపిస్తాయి. ముందు అక్కడి పద్ధతేమిటో అడగండి. అడిగి, ఒకసారి నేను చెగోడీలు బల్ల మీద పెట్టాను. పక్కవాళ్లు ముల్లంగి జరిపారు, మేం చెగోడీలు జరిపాం. వాటిని వాళ్లు ఉప్పు బిస్కెట్ల రింగులు అనుకున్నారు, కారం తగిలేదాకా.

కౌల్‌బెర్గ్ కొండ మీద గ్రైఫెన్‌క్లావ్ బ్రూవరీ తోట కూడా బాగుంటుంది. అక్కడి నుంచి ఆల్టెన్‌బుర్గ్ కోట కనిపిస్తుంది. రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నేను ష్టెఫాన్స్‌బెర్గే అంటాను.

7. పొగ విసిగిస్తే వుండర్‌బుర్గ్‌కు

కాలువకు ఇవతల వుండర్‌బుర్గ్ పేటలో రెండు బ్రూవరీలు వీధికి అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్నాయి. మార్స్ బ్రాయ్‌లో "ఆ ఊ" అని రెండు అక్షరాలు పలకండి. "ఉన్‌గెష్పుండెట్" అన్న పొడుగు మాటకు అది పొట్టి పేరు. బిరడా బిగించకుండా పరువానికి తెచ్చిన బీరు, అందుకే బుడగలు తక్కువ, గొంతులో మెత్తగా దిగుతుంది. ఎదురుగా కేస్‌మాన్‌లో పిల్స్, చురుకైన చేదు. యాత్రికులు ఇటు తక్కువ వస్తారు. శనివారం ఉదయం పదింటికే పత్రిక ముందేసుకుని మొదటి సైడ్లా తాగుతున్న పెద్దలను చూసి ఆశ్చర్యపోకండి, అనుకరించనూ వద్దు.

నా లెక్క రోజుకు మూడు సైడ్లాలు, మూడు వేర్వేరు చోట్ల, ప్రతిదానితో ఏదో ఒక తిండి. మధ్యలో నీళ్లు విడిగా అడిగి తాగండి. శరదృతువులో వెళితే జాగ్రత్త, అప్పుడు "బాక్" బీర్లు దిగుతాయి, మామూలు బీరు కన్నా బాగా గట్టివి. ఆగస్టు చివర జరిగే జాండ్‌కెర్వా తిరునాళ్లలో నది మీద పడవల్లో నిలబడి కర్రలతో ఒకరినొకరు నీళ్లలోకి తోసుకునే పందెం ఉంటుంది. చూడాల్సిందే గాని, ఆ అయిదు రోజుల్లో బల్ల దొరకదు, బస అసలే దొరకదు.

8. రైలుకు ముందు ఒక "ష్నిట్"

తిరిగి స్టేషన్‌కు వెళ్లే దారిలోనే ష్పెట్సియాల్, దానికి ఎదురుగా 1649 నాటి ఫెస్లా. చేతిలో అరగంట ఉంటే ఏదో ఒకదానిలోకి వెళ్లి "ఆ ష్నిట్" అడగండి. అర లీటరు గ్లాసులోనే గబగబా, నురగతో, సగానికి కాస్త ఎక్కువగా పోసి ఇస్తారు. ధర తక్కువ. లేచి వెళ్లబోయే మనిషికి మాత్రమే ఇచ్చే కొలత అది. మొదట్లోనే అడిగితే వింతగా చూస్తారు. గీతలున్న అట్టబిళ్ల ఆమె ముందుకు జరిపి, లెక్క కట్టించుకుని, పైకి సరిచేసి ఇవ్వండి. సంచి భుజాన వేసుకుని బల్ల మీద వేళ్లతో రెండుసార్లు తట్టండి. బల్లలోని అందరికీ ఒకేసారి చెప్పే వీడ్కోలు అది. వాళ్లు తల ఊపుతారు. నురగ అడుగంటే లోపు స్టేషన్ పది నిమిషాలే.